మందు సీసా కాగితంలో నస్రీన్ చదివిన వాక్యం

2023వ సంవత్సరం. దసరా సెలవులు అయిపోయి బడులు తెరిచారు. అప్పటికి నేను వికారాబాద్‌లో ఉంటూ, బషీరాబాద్ మండలంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. పొద్దున్నే రైలెక్కి తాండూరు దాకా, అక్కడి నుంచి షేర్ ఆటోలో బడికి. కర్ణాటక సరిహద్దు దగ్గరే కాబట్టి మా పదో తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, కన్నడం మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు కలిసి కూర్చునేవారు. ఇంగ్లీషు మాత్రం ఎవరింటి భాషా కాదు. బడి గేటు దాటితే అది వాళ్ళ చెవిన పడేదే కాదు.

పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో పిల్లలు ఎక్కువగా భయపడేది అన్‌సీన్ ప్యాసేజ్‌కి. పాఠ్యపుస్తకంలో లేని, అంతకుముందెప్పుడూ చూడని ఒక పేరా ఇచ్చి, కింద ప్రశ్నలు వేస్తారు. చదివింది ఎంత అర్థమైందో చూడటానికే ఆ ప్రశ్నలు. దీన్నే మేము కాంప్రహెన్షన్ అంటాం. పిల్లలు దీనికొక ఉపాయం కనిపెట్టుకుంటారు. ప్రశ్నలో ఉన్న పెద్ద మాటను పట్టుకుని, పేరాలో అదే మాట ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేస్తారు. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. అందుకే ఆ అలవాటు మాన్పించడం కష్టం.

ఈ ఉపాయంలో ఆరితేరిన పిల్ల నస్రీన్. వాళ్ళ నాన్న మహబూబ్ కౌలుకు భూమి తీసుకుని కంది వేసేవాడు. నస్రీన్ చురుకైనది, తరగతిలో అందరికంటే వేగంగా పైకి చదివేది. వేగమే దాని చిక్కు. వాక్యంలో బరువైన మాటలను ఏరుకుని, మధ్యలో ఉన్న చిన్న మాటలను దాటేసేది. ఒకసారి నేనే ఒక పేరా రాసి ఇచ్చాను. ఒక ఊరి బావి గురించి. కాచకుండా ఆ నీళ్ళు తాగకూడదని అందులో ఉంది. ఊరివాళ్ళు ఏం చేయాలని అడిగితే, నస్రీన్ బావి నీళ్ళు తాగాలని రాసింది.

పేపరు దాని ముందు పెట్టి, "ఇక్కడ నాట్ అని ఉంది చూసినవా?" అని అడిగాను.

"చూసిన మేడం. గది చిన్న మాటనే గద."

"ఆ చిన్న మాటకే వాక్యం మొత్తం తిరగబడ్డది. నువ్వు రాసినట్టు చేస్తే ఊరంతా మంచాన పడుతది."

తరగతిలో అందరూ నవ్వారు. నస్రీన్ ముఖం ఎర్రబడింది. ఆ రోజు నుంచి దానికొక పని పెట్టాను. ఏ పేరా ఇచ్చినా ముందు పెన్సిల్‌తో నాట్, నెవర్, ఓన్లీ, అన్‌లెస్ వంటి మాటల కింద గీతలు గీయాలి. ఆ తర్వాతే జవాబులు. అది దానికి అస్సలు నచ్చలేదు. "గీతలు గీసుడే సరిపోతున్నది మేడం, ఇగ సదువుడెప్పుడు?" అని విసుక్కునేది. గీసినా కూడా సగం సార్లు తప్పేది. తప్పిన ప్రతిసారీ నేను చూపించేదాన్ని. కొన్నాళ్ళకు చదివేటప్పుడు దాని గొంతులో మునుపటి ధీమా పోయింది. జవాబు చెప్పేముందు నా ముఖంలోకి చూడటం మొదలుపెట్టింది. పిల్లను మరీ బెదరగొట్టానా అని నాకే అనుమానం వచ్చింది.

కంది పూత మీదుంది. పురుగు పడుతున్నదని ఊళ్ళల్లో అందరూ మందు కొడుతున్నారు. ఒక ఆదివారం నేను వికారాబాద్‌లో ఇంట్లో బట్టలు ఆరేస్తుంటే, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, నేను నస్రీన్‌ను. మా అబ్బా పొలంల పడిపోయిండు."

వెనకాల ఆడవాళ్ళ ఏడుపు, మగవాళ్ళ అరుపులు వినబడుతున్నాయి. నస్రీన్ చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. మహబూబ్ పొద్దుటి నుంచి పంపుతో మందు కొడుతున్నాడు. మధ్యలో పంపు ముక్కు పూడుకుపోతే, నోట్లో పెట్టుకుని ఊదాడు. కాసేపటికి ఒళ్ళంతా చెమటలు పట్టి, నోటి వెంట సొంగ కారుతూ గట్టు మీద కూలబడ్డాడు. పిలిస్తే మూలుగుతున్నాడు తప్ప మాట లేదు.

"అంబులెన్స్‌కు చేసిన్రా?"

"చేసిన్రు. టైం పడుతదట. మా చాచా ఆటో తెస్తున్నడు. గని మేడం, అందరు ఉప్పునీళ్ళు తాపాలె, వాంతి చేపియ్యాలె అంటున్నరు. మందు సీసతోటి వచ్చిన కాగితం నా చేతిల ఉన్నది. అండ్ల వేరే తీర్గ రాసినట్టు అనిపిస్తున్నది. నేను మల్ల తప్పు సదువుతున్ననేమో మేడం. జర మీరు చెప్పున్రి."

ఆ మందు సరిహద్దు అవతల కర్ణాటకలో కొన్నది. కాగితంలో కన్నడం ఉన్న సగం మందుతో తడిసి ముద్దయింది. వాళ్ళింట్లో కన్నడం మాట్లాడగలిగినవాళ్ళే తప్ప చదవగలిగినవాళ్ళు ఎలాగూ లేరు. మిగిలింది ఇంగ్లీషు సగం. ఫోటో పంపమందామంటే అది వాళ్ళమ్మ జాహెదా వాడే బటన్ల ఫోన్.

"చదవకు," అన్నాను. "ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి అక్షరాలు చెప్పు."

"డి, ఓ. తర్వాత ఎన్, ఓ, టి." వెనకాల ఎవరో, "అరే, నమక్ కా పానీ లావ్, జల్దీ!" అని అరుస్తున్నారు. నస్రీన్ ఊపిరి పీల్చుకుంది. "ఐ, ఎన్, డి, యు, సి, ఇ. గీ మాట నాకు రాదు మేడం. దీని తర్వాత వామిటింగ్."

డు నాట్ ఇండ్యూస్ వామిటింగ్. వాంతి చేయించవద్దు.

ఇంతలో మగగొంతు ఒకటి దగ్గరగా వినబడింది. అప్పుడే ఆటోతో వచ్చిన దాని చాచా ఖాజా, మహబూబ్ తమ్ముడు. "నేను గూడ చూసిన. వామిటింగ్ అని సాఫ్ రాసున్నది గద! ఫోన్‌ల ముచ్చట పెట్టుకుంట కూసుంటవా? హట్, పక్కకు జరుగు!"

విషం లోపలికి పోతే కక్కించాలని చిన్నప్పటి నుంచి నేనూ వింటూ పెరిగినదాన్నే. నాకు వైద్యం రాదు. కాగితం నా కళ్ళ ముందు లేదు. నా దగ్గరున్నది ఆ పిల్ల చెప్పిన అక్షరాలే. ఆ పిల్లేమో నా దగ్గర ఇటువంటి వాక్యాలను ఎన్నోసార్లు తలకిందులుగా చదివిన పిల్ల.

"నస్రీన్, మధ్యల మాట మల్ల చెప్పు. ఎన్, ఓ, టి ఉన్నదా?"

"ఉన్నది మేడం. వేలు దాని మీదనే పెట్టిన."

"అయితే నువ్వు సరిగ్గనే చదివినవ్ బిడ్డా. వాంతి చేయించొద్దు అని రాసింది. కింద ఇంకేమున్నది?"

"నెవర్ గివ్ ఎనీథింగ్ బై మౌత్... నోట్ల ఏం పొయ్యొద్దు అని గదా? తర్వాత రిమూవ్... ఒక పెద్ద మాట ఉన్నది, రాదు... క్లోతింగ్. వాష్, సోప్. బట్టలు తీసి సబ్బుతోటి కడగాలె."

"అదే. వెంటనే చెయ్యిన్రి. సీసను కవర్ల పెట్టి దవాఖానకు పట్టుకపో. ఫోన్ మీ చాచాకియ్యి, నేను చెప్తా."

ఫోన్ చేతులు మారుతున్న చప్పుడు. "అరే సునో" అని ఎవరో అనడం. అంతే, లైను తెగింది. మళ్ళీ చేస్తే అందుబాటులో లేదని వచ్చింది. మళ్ళీ మళ్ళీ అదే.

నాకు తెలిసిన డాక్టరుకు చేశాను. ఎత్తలేదు. ఆయన ఎత్తి, 'అదేంటి, వాంతి చేయించాల్సింది కదా' అంటే నేనేం చేయాలో కూడా నాకు తెలియదు. ఇంట్లో ఉండలేక స్టేషన్‌కు పోయాను. తాండూరు వైపు పోయే బండి ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూ, తెలిసిన ఇంగ్లీషంతా వదిలేసి ఆ ఒక్క వాక్యాన్నే మనసులో చదువుకున్నాను. నస్రీన్ అక్షరాలు సరిగ్గా చెప్పిందా? కంగారులో పై వాక్యంలోని మాటను కింది వాక్యంలో కలిపిందా? ఒకవేళ వాళ్ళు నా మాట విన్నాక ఆ మనిషికి ఏమైనా అయితే? బండి ఎక్కాక కూడా అదే. ధారూర్ దాటింది కూడా నాకు తెలియలేదు.

తాండూరు ఆసుపత్రిలో అత్యవసర విభాగం బయట వాళ్ళు కనిపించారు. జాహెదా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నస్రీన్ చెప్పుల్లేకుండా, మోకాళ్ళ దాకా బురదతో, ప్లాస్టిక్ కవరును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నన్ను చూసి ఏడ్వలేదు. దాని పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

ఖాజా నా ఎదురుగా వచ్చాడు. "మీరేనా మేడం? ఉప్పునీళ్ళ గిలాస నా చేతిల ఉండె. గీ పిల్ల వాళ్ళ నాయన మూతి మీద చెయ్యి అడ్డం పెట్టి, గిలాస గుంజి పారేసింది. పెద్దోళ్ళమని చూడలే. సబ్బుతోటి కడిగి గిట్ల తెచ్చినం. మా భాయ్‌కి ఏమన్న అయితే మీది జిమ్మేదారీనా, దానిదా?"

"నేనే చెప్పిన. నన్నే అడగండి" అన్నాను.

నస్రీన్ అప్పుడు నోరు విప్పింది. "మేడం చెప్పకముందే నేను సదివిన చాచా. మేడంను అడిగింది నాకు డౌట్ ఉండె గనుక."

ఖాజా దాని వైపు ఒకసారి చూసి, ముఖం తిప్పుకున్నాడు.

ఎంతసేపైందో తెలియదు. డ్యూటీ డాక్టరమ్మ బయటకు వచ్చింది. వయసు చిన్నదే, బాగా అలసి ఉంది. "మహబూబ్ వాళ్ళు ఎవరు?" అందరం లేచాం. "సీసా, కాగితం తెచ్చింది మీరేగా? మందు పేరు చూసుకున్నాం, వైద్యానికి పనికొచ్చింది. ఒకటి చెప్పండి. దారిలో గానీ, పొలంలో గానీ వాంతి చేయించారా? ఏమైనా తాగించారా?"

ఖాజా నేల చూపులు చూస్తున్నాడు. జాహెదానే అంది. "లేదమ్మా. తాపనియ్యలే నా బిడ్డ."

"మంచి పని చేశారు. సోయి సరిగ్గా లేని మనిషికి వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అసలే ఇది నూనె లాంటి దాంట్లో కలిపిన మందు. అప్పుడు మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు. ఒళ్ళు కడగడం కూడా మంచిదైంది. అయితే ఇప్పుడే గండం గడిచిందని చెప్పలేను. రెండు మూడు రోజులు చూడాలి."

ఆమె లోపలికి వెళ్ళిపోయాక నస్రీన్ అక్కడే నేల మీద కూలబడింది. అప్పుడు ఏడ్చింది, గట్టిగా, చిన్నపిల్లలాగా. ఖాజా బయటకు పోయి, సోడా సీసా ఒకటి తెచ్చి దాని చేతిలో పెట్టాడు.

మహబూబ్ బతికాడు. మధ్యలో ఒకరోజు ఊపిరి సరిగ్గా ఆడక అందర్నీ భయపెట్టాడు గానీ, నెమ్మదిగా తేరుకుని ఇంటికి వచ్చాడు. ఆ ఏడు కంది కోత, నూర్పిడి అంతా ఖాజానే చూసుకున్నాడు. మహబూబ్ చాలాకాలం బరువు పనులు చేయలేకపోయాడు. మళ్ళీ మందు పంపు భుజానికి ఎత్తుకోలేదు.

నస్రీన్ పదో తరగతి పాసైంది. ఇంగ్లీషులో గొప్ప మార్కులేమీ రాలేదు. ఇప్పుడు తాండూరులో ఇంటర్ చదువుతోంది.

ఆ సంవత్సరం తర్వాత నేను పాఠం చెప్పే తీరు మారింది. అన్‌సీన్ ప్యాసేజ్‌లు చేయిస్తూనే ఉంటాను, పరీక్ష ఉంది కాబట్టి. కానీ వాటితోపాటు ఇంట్లో ఉన్న మందు డబ్బాలు, మాత్రల పెట్టెలు, గ్యాస్ పొయ్యితో వచ్చే కాగితాలు తెమ్మంటాను. చదివాక జవాబు రాయమనను. "ఇది చదివినంక నువ్వేం చేస్తవు? ఏం చెయ్యవు?" అని అడుగుతాను. ఆ రెండో ప్రశ్న దగ్గర పిల్లలు తప్పనిసరిగా ఆగుతారు. తిరిగి వాక్యం మొదటికి పోతారు.

ఇంకొకటి కూడా ఆ సంఘటన నాకు నేర్పింది. నస్రీన్ గొంతులో ధీమా పోయిందని నేను బెంగపడ్డాను. పిల్లలు గడగడా చదివితేనే మా టీచర్లకు తృప్తి. కానీ ఆ ఆదివారం పొలం గట్టు మీద, చుట్టూ పెద్దవాళ్ళు అరుస్తుంటే, అది గడగడా చదవలేదు. తను తప్పు చదువుతున్నానేమోనని భయపడింది. ఆ భయంతోనే మాట మీద వేలు పెట్టి రెండోసారి చూసుకుంది, తెలిసినవాళ్ళను అడిగింది. సరిగ్గా ఉందని తేలాక మాత్రం ఎవరు కసిరినా వెనక్కి తగ్గలేదు. ఆగి చదివే పిల్లను ఇప్పుడు నేను తొందరపెట్టను. వెనక బెంచీల్లో ఎవరైనా నవ్వితే, నవ్వు ఆగేదాకా పాఠం ఆపేసి, ఆ పిల్లను మొదటి నుంచి చదవమంటాను.