వెండిరంగు గొట్టాలు, మిరప కళ్లం

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినవాడి గురించి మీరు వినే ఉంటారు. పెళ్లిచూపులకి వెళ్తూ బానెట్ కింద మిరపకాయ పెట్టుకెళ్లినవాడి గురించి విని ఉండరు. వాణ్ణి నేనే. మా ఇంటిల్లిపాదీ ఏడ్చిన కథ ఇది. మీరు మాత్రం నిరభ్యంతరంగా నవ్వుకోండి.

అప్పటికే నాకు వచ్చిన సంబంధాలన్నీ వచ్చిన దారినే వెళ్లిపోయాయి. పర్చూరు పక్క ఊరిది ఒక్కటే మిగిలింది. ఆ పిల్ల ఫొటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇదీ తప్పిపోతే ఇక నీ పెళ్లి మాట ఎత్తనని నాన్న తేల్చేశాడు. అందుకని ముందు మా పాత కారుని పెళ్లికొడుకుని చేద్దామనుకున్నాను. పైపైన తుడిస్తే సరిపోయేది. కానీ నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి! ఇంజన్‌లోంచి పొగని బయటికి తెచ్చే గొట్టాలు తుప్పు పట్టి ఉన్నాయి. కాబోయే మామగారు బానెట్ ఎత్తి చూస్తే పరువేం కాను? పెళ్లిచూపుల్లో ఏ మామగారు బానెట్ ఎత్తుతాడని అడక్కండి. అప్పుడు నాకు తోచలేదు.

ఎంత వేడికైనా ఊడని వెండిరంగు పెయింటు గుంటూరు నుంచి తెచ్చాను. గొట్టాలు విప్పి, ఒక కోటు వేసి, ఊళ్లో అన్నిటికంటే బాగా ఎండ తగిలే చోట ఆరబెట్టాను. అదెక్కడో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. మిరపకాయలు ఎండబోసిన కళ్లం.

"ఒరేయ్, అవేమన్నా వడియాలట్రా, కాయల మధ్య ఎండబెట్టావు?" అంది మా మేనత్త.

"ఇది సైన్సు అత్తా, నీకు తెలీదు."

సాయంత్రం దాకా కూలీలు కాయలు తిరగేస్తూనే ఉన్నారు, గాలి వీస్తూనే ఉంది. వెళ్లి చూస్తే గొట్టాల నిండా ఎర్రటి పొడి, గింజలు. తెలివైనవాడైతే గోకేస్తాడు. నేను దాని మీదే రెండో కోటు వేసి, ఘాటునంతా లోపల భద్రంగా దాచాను.

మర్నాడు గొట్టాలు బిగించి బయల్దేరాం. ఇంజన్ వేడెక్కేసరికి నాన్న తుమ్మాడు. అత్త దగ్గింది. నా కళ్లలో ధార.

"ఏరా, ఏం తగలబెట్టావు?" అన్నాడు నాన్న.

"కొత్త పెయింటు కదా నాన్నా, మొదట్లో కాస్త పొగ మామూలే."

నిప్పు లేనిదే పొగ రాదంటారు. మిరపకాయ లేనిదే ఇలాంటి పొగ రాదని నాకప్పుడే వెలిగింది.

"ఆపరా బాబూ, చచ్చిపోతున్నా!" అని నాన్న అరిచాడు.

"ఆపావంటే చూడు! వర్జ్యం వచ్చేస్తుంది, పోనీ!" అంది అత్త, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

అప్పగింతలప్పుడు ఆడపెళ్లివారు ఏడవడం ఆచారం. పెళ్లిచూపులకే మగపెళ్లివారు వెక్కి వెక్కి ఏడుస్తూ దిగడం ఆ ఊరు చూడటం అదే మొదటిసారి.

"అయ్యయ్యో, ఎవరు పోయారండీ?" అంటూ పిల్ల నాయనమ్మ ఎదురొచ్చింది.

ఈ సంబంధమూ పోయిందని నాకు అర్థమైంది. ఇక అక్కణ్ణుంచి నిజంగానే ఏడ్చాను.

ముందు తేరుకున్నది అత్తే. "ఎవరూ పోలేదండీ. దారిపొడవునా దిష్టి తీయించుకుంటూ వచ్చాం. ఘాటు చూశారుగా, మావాడికి దిష్టి రవ్వంత కూడా లేదు!"

అంతలో పిల్ల మంచినీళ్ల చెంబుతో బయటికొచ్చింది. పొగలు కక్కుతున్న కారుని చూసింది, నన్ను చూసింది, గాలి ఒకసారి పీల్చింది.

"తేజ రకం మిరపకాయే కదండీ?"

మిరప రైతు కూతురు మరి! తలూపాను. ఆమె నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది.

"ఏమే, నచ్చాడా?" అని లోపల నాయనమ్మ అడగడం నాకు వినపడింది.

"బానెట్ కిందే ఇంత కారం పెట్టుకొచ్చినవాడు నా కూరకి వంక పెట్టడులే నాయనమ్మా!"

అందుచేత ఆ రోజే సకల దేవతల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. రంగేసిన ఇనుముని ఇక ఈ జన్మలో కళ్లం దరిదాపుల్లో ఆరబెట్టను. కూరలో కారం ఎక్కువైందని ఎన్నడూ అనను. మొదటి ఒట్టు తేలిగ్గానే నిలబడింది. రెండోది రెండు పూటలా కళ్లనీళ్లు పెట్టుకుంటూ నిలబెట్టుకుంటున్నాను.