చీరల దిండు

పలచటి దిండును రెండుగా మడిచి తల కింద పెట్టుకోవడం నాకు చిన్నప్పటి జబ్బు. పెళ్లయిన కొత్తలో నల్లగొండ నుంచి వచ్చి కొత్తపేటలో కిరాయికి దిగిన గదిలో మాకున్నది ఒకటే దిండు. దాన్ని మడిచి మడిచి దూది ఉండలు కట్టించాను. నా భార్య విసిగిపోయి, దూది పారేసి, ఆ గలీబులో తన పాత నూలు చీరలు కుక్కింది. "ఇగ మడవకు, సక్కగ పండు" అంది. ఆమె చీర చిరిగి అందులో చేరినప్పుడల్లా దిండు ఒక మడత లేచేది. తను మాత్రం మోచేయి మడిచి దాని మీద తల పెట్టుకునేది. దిండు పడదని చెప్పింది. నమ్మాను.

నిరుడు ఆమె చనిపోయింది. దినాల నాడు చుట్టాలు ఆమె బట్టలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశారు. పోయినవాళ్లవి ఇంట్లో ఉంచుకోకూడదట. ఎవరు పెట్టిన శాస్త్రమో గానీ, అడ్డం చెప్పే ఓపిక నాకు లేకపోయింది. దిండు సంగతి ఎవరికీ తట్టలేదు. నేనూ నోరు విప్పలేదు. చెబితే అదీ పోతుంది.

ఈమధ్య మెడ పట్టేసింది. రోడ్డు దాటాలంటే మనిషిని మొత్తం తిరగాల్సి వచ్చేది. పెద్ద అంబర్‌పేట్ నుంచి కూతురు వచ్చి నన్ను ఎల్బీనగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. దిండు ఎంత ఎత్తని ఆయన అడిగితే చేత్తో చూపించాను.

"రాత్రంతా మీ మెడ కండరాలు బిగుసుకునే ఉంటున్నాయండీ. మీరు నిద్రపోతున్నారు గానీ మెడ నిద్రపోవట్లేదు" అన్నాడు. ఎత్తు సగానికి తగ్గించమన్నాడు. సరేనని తలూపుదామంటే అదీ ఊగదు.

దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి కొత్త దిండు కొందామంది కూతురు. వద్దన్నాను. ఎందుకని గద్దించింది. ఇంటికొచ్చాక కుట్లు విప్పి చూపించాను. చిలకపచ్చ చీర అంచు కనబడగానే బయటికి లాగి ఒళ్లో పెట్టుకుంది. దినాల నాడు అమ్మ చీర ఒక్కటైనా దక్కలేదని ఏడ్చిన పిల్ల. ఆ చీరను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. నేనూ చూశాను. నా తలనూనె వాసన తప్ప ఇంకేమీ లేదు. నాకు ఏడుపొచ్చింది.

సగం చీరలు తీసి, మిగిలినవి మళ్లీ మడిచి పెట్టి కుట్టాం. ఎత్తు తగ్గలేదు. ఆమె మడత అంత గట్టిది, మాది గాలి మడత. మళ్లీ విప్పి, మళ్లీ తీసి, చివరికి రెండు చీరల దగ్గర ఆగాం. తల పెట్టి చూస్తే మెడకు హాయిగానే ఉంది. అందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

తీసిన చీరల్ని కూతురు ఇంకో గలీబులో సర్ది, మంచం మీద వాళ్లమ్మ పడుకునే వైపు పెట్టింది. చేత్తో తట్టి, "అమ్మకు గింత ఎత్తు సరిపోతుండెనా నాన్నా?" అని అడిగింది.

"మీ అమ్మకు ఎన్నడూ దిండు లేకుండె బిడ్డా" అన్నాను.