గింజ బయటి పురుగు, గింజ లోపలి పురుగు

విత్తనాల గోదాములో ముప్పై ఏళ్ళుగా జల్లెడ పడుతున్న ఆవిణ్ణి అందరూ జల్లెడత్త అనే పిలుస్తారు. ఆ ఉదయం గోధుమ విత్తనాల్లో ఎర్రపురుగు కనబడిందని మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు.

"గబగబా జల్లించెయ్ అత్తా, లారీ గుమ్మంలో ఉంది."

జల్లించింది. ఎర్రపురుగులు కారప్పొడిలా రాలాయి. పైన గింజలు కడిగిన ముత్యాల్లా మిగిలాయి. మేస్త్రీ బస్తాలు కుట్టడానికి దబ్బనం తీశాడు.

జల్లెడత్త మాత్రం రాలిన చెత్తలోంచి ఒకదాన్ని వేలికెక్కించుకుని చూసింది. నల్లటి ఒళ్ళు, పొడుగాటి ముక్కు. వెళ్ళి బస్తా మీద కూర్చుంది.

"కుట్టకు అల్లుడూ. ఇది ముక్కుపురుగు."

"ఏదైతేనేం, పురుగు పురుగే!"

"ఎర్రదానికి గట్టి గింజ కొరుకుడు పడదు. నూకా పిండీ ఏరుకు తింటుంది, గుడ్లు అక్కడే చల్లేస్తుంది, బయటే తిరుగుతుంది. అందుకే జల్లెడకి దొరికింది. ఇది అలా కాదు. గింజకి కన్నం పెట్టి, లోపల ఒక్క గుడ్డు దాచి, జిగురుతో మూసేసి పోతుంది. పిల్ల లోపలే తిని లోపలే పెరుగుతుంది. పైకి గింజ నిండుగానే ఉంటుంది."

"పురుగులతో నీకేమైనా చుట్టరికమా?"

"ముప్పై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. చుట్టాలం కాకేం?"

మేస్త్రీ నవ్వాడు. అంతలోనే గొంతు తగ్గించి, "సరుకు ఆగితే పైవాళ్ళు నిన్ను మాన్పించేస్తారు" అన్నాడు. బెదిరింపు కాదది, బెంగ.

ఆవిడకీ ఆ భయం లేకపోలేదు. కానీ పనిలో చేరిన కొత్తలో ఇలాగే జల్లెడని నమ్మి పంపిన విత్తనాలు సొంత అన్న పొలానికే చేరాయి. సగం మొలవలేదు. అన్న పల్లెత్తు మాట అనలేదు. ఆ ఏడంతా కూలికెళ్ళి పిల్లల్ని సాకాడు. ఆ మంచితనమే ఆవిడకి ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

"మాన్పిస్తే మాన్పించనీ. దేవుడిచ్చిన కళ్ళతో చూసి, చూడలేదని ఎలా అనను?"

చెంబుడు నీళ్ళలో గుప్పెడు గింజలు పోసింది. మంచివి మునిగాయి. పదకొండు పైకి తేలాయి. వాటిలో ఒకదాన్ని గోటితో చీల్చి మేస్త్రీ అరచేతిలో పెట్టింది. గింజలో తెల్లటి పిల్లపురుగు ముడుచుకుని ఉంది.

అతను దబ్బనం పక్కన పెట్టేశాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"నలభై బస్తాలూ ఆపేశానండీ. ఎవరూ చెప్పలేదు, నా నిర్ణయమే."

ఫోన్ పెట్టేసేసరికి బస్తా మీద అత్త లేదు. పక్కగదిలోని సరుకు చూడ్డానికి చెంబుతో అప్పటికే బయల్దేరింది.