బోర్డు లేని భోజనశాల

ఒమాన్‌లో ఉద్యోగం చేసిన ఏళ్లలో నేను చేసిన తప్పుల్లో చాలావాటికి సాక్షులు లేరు. కొన్నింటికి ఉన్నా, వాళ్లు వేరే దేశాలకు బదిలీ అయిపోయారు. మసీరా ద్వీపంలో చేసినదానికి మాత్రం సగం ఊరు సాక్షి. అంతకంటే ప్రమాదకరమైన సాక్షి నా భార్య. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఘోరమే. కంచం ముందు కూర్చుని చదివే అలవాటున్నవారు దయచేసి ముందు భోజనం ముగించండి. తరవాత మీకు ముద్ద దిగకపోతే బాధ్యత నాది కాదు.

నేను పరికరాల ఇంజనీర్ని. గొట్టాల్లో పారే చమురు ఎంత ఒత్తిడితో, ఎంత వేడితో పోతోందో చెప్పే మీటర్లు ఉంటాయి. అవి నిజమే చెబుతున్నాయా అని తేల్చడం నా డ్యూటీ. అబద్ధమాడే మీటరును పది అడుగుల దూరం నుంచే పసిగట్టగలనని నాకు గర్వం ఉండేది. నేను పొరబడితే పసిగట్టే మీటరు మాత్రం మా ఇంట్లోనే ఉండేది. ఆమె పేరు వసుంధర.

అప్పట్లో అక్కడ వారాంతం గురు, శుక్రవారాలు. మా ఫ్లాటు మస్కట్‌లోని దార్సైట్ పేటలో. గురువారం తెల్లవారిందంటే సైట్ల నుంచి మా కంపెనీ బ్రహ్మచారులు దిగేవారు. సహం నుంచి ఒకడు, బహ్లా నుంచి ఇద్దరు, ఎక్కడి నుంచో తెలియని మరికొందరు. "వదినా, మీ చారు వాసన కింద పార్కింగ్ దాకా వచ్చింది" అంటూ చెప్పులు విప్పేవారు. పిలిచేది నేను. వండేది ఆవిడ. ఈ శ్రమ విభజనలో లోపం ఉన్నట్టు నాకెన్నడూ తోచలేదు.

ఒక గురువారం సాయంత్రం వాళ్లందరూ వెళ్లాక ఆవిడ పొయ్యి ఆపి, వంటింటి గడప మీద కూర్చుంది.

"ఏమండీ, నాకొక కోరిక ఉంది."

"గాజులా?"

"చేప. నేను కొననిది, కడగనిది, వండనిది. ఎవరైనా వడ్డిస్తే కూర్చుని తినాలి. తిన్నాక కంచం తియ్యకుండా లేచి వెళ్లిపోవాలి. అంతే."

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు ధైర్యంగా ఉండేది, కోపం చల్లారుతుంది కనుక. అది అలసట. లోహం ఒక్క దెబ్బకు విరగదు, రోజూ మోసే చిన్న బరువుకే అలిసిపోయి, ఒకనాడు చెప్పాపెట్టకుండా విరుగుతుందని కాలేజీలో చదువుకున్నాను. ఆ గడప మీద కూర్చున్న మనిషిని చూస్తే ఆ పాఠం గుర్తొచ్చి భయం వేసింది.

"వచ్చే వారం మసీరా వెళ్దాం," అన్నాను. "చుట్టూ సముద్రం. చేపకు అంతకంటే మంచి చిరునామా ఉండదు. రెండు రోజులపాటు నువ్వు గరిటె ముట్టుకోవు. ఇది నా మాట."

"చిన్న కుక్కరు పెట్టుకోనా, ఎందుకైనా మంచిది?"

"అవమానించకు."

కొత్త ఊళ్లో మంచి తిండి దొరికే చోటు ఎలా కనిపెట్టాలో నా దగ్గరొక సిద్ధాంతం ఉండేది. ఫోనులో పటం చూసుకునే రోజులు కావవి. నియమం సులువు: ముందు బళ్లు చూడు, తరవాత గుమ్మం దగ్గర చెప్పులు చూడు, చివరగా బయటికొచ్చేవాళ్ల ముఖాలు చూడు. బోర్డు మాత్రం చూడకు. మస్కట్ రువీలో మన తెలుగువాళ్లు నడిపే మెస్సులన్నీ ఫ్లాట్లలోనే ఉంటాయి, ఒక్కదానికీ బోర్డుండదు, అయినా లోపల గోంగూర ఉంటుంది. బోర్డు పెట్టుకున్నవాడికి వంట మీద నమ్మకం లేదని నేను బహిరంగంగా వాదించేవాణ్ని.

ఫెర్రీలో సముద్రం దాటి ద్వీపం చేరేసరికి గురువారం సాయంత్రమైంది. మొదటి హోటల్లో కూర్చోగానే వెయిటర్ చికెన్ పేరు చెప్పాడు, మటన్ పేరు చెప్పాడు, ఆగిపోయాడు.

"చేప?" అన్నాను హిందీలో.

"చేప లేదు సాబ్. ఐసు బళ్లలో మస్కట్ వెళ్లిపోయింది."

"మేం మస్కట్ నుంచే వస్తున్నాం."

"అయితే దారిలో ఎదురుపడే ఉంటుంది," అన్నాడు ఆ మహానుభావుడు, నీళ్లు పెడుతూ.

వసుంధర మాట్లాడకుండా పరోటా తుంచుకుంది. ఆ నిశ్శబ్దాన్ని కొలిచే పరికరం ఇంకా ఎవరూ తయారుచెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న టీకొట్టులో గుడ్లు దొరుకుతాయంటే నేనే వద్దన్నాను. "ఆకలి దాచుకో, మధ్యాహ్నం వంజరం తిందాం" అని సముద్రం ఒడ్డున తిప్పాను. తిప్పి తిప్పి ఊళ్లోకి తెచ్చేసరికి హోటళ్ల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. శుక్రవారం, జుమ్మా నమాజు వేళ. అన్నేళ్లు ఆ దేశంలో ఉండి, ప్రతి శుక్రవారం షట్టర్లు దిగడం చూసి, ఆ ఒక్కటీ నా ప్రణాళికలో చేర్చలేదు. ఎందుకంటే, పాఠకులారా, శుక్రవారం మధ్యాహ్నం నేనెప్పుడూ ఇంట్లో వసుంధర వంట తింటూ ఉండేవాణ్ని.

"కారులో బిస్కెట్లు కూడా లేవు," అందావిడ.

సరిగ్గా అప్పుడు నా సిద్ధాంతం నన్ను రక్షించడానికి వచ్చింది. నమాజు ముగిసి జనం మసీదులోంచి బయటికొస్తూ, గుంపులు గుంపులుగా ఒకే వీధిలోకి తిరిగారు. వెంబడించాం. పెద్ద గోడ, తెరిచిన గేటు, బయట లెక్కలేనన్ని బళ్లు. గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప. ముంగిట షామియానా, దాని కింద కుర్చీలు. పక్క పెరట్లోంచి పొగ, ఆ పొగలో వేగుతున్న చేప వాసన. బయటికొస్తున్నవాళ్ల ముఖాలు చూశాను. ఎవరూ మాట్లాడడం లేదు. గంభీరంగా, తల వంచుకుని, చేతి రుమాలుతో ముఖం తుడుచుకుంటూ పోతున్నారు.

"చూశావా, భుక్తాయాసం!" అన్నాను.

"బోర్డు లేదు కదండీ."

"అదే కదా గుర్తు!"

గేటు దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, వసుంధరకు పక్క గుమ్మం చూపించాడు, నాకు ఎదురు గుమ్మం. నా నమ్మకం ఆకాశాన్నంటింది. "ఫ్యామిలీ సెక్షన్ వేరే. చాలా పద్ధతైన చోటు. వంజరం అడుగు," అని చెప్పి పంపాను. ఆవిడ చున్నీ తల మీదికి లాక్కుని, అనుమానంగా వెనక్కి చూస్తూ వెళ్లింది.

లోపల పొడవాటి గది, నేలంతా తివాచీలు. నేను అడుగు పెట్టగానే గోడవారగా కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఒక్కొక్కరితో కరచాలనం చేస్తూ వెళ్లాను. ఇంత మర్యాద ఏ హోటల్లోనూ చూడలేదు. వరస చివర ఉన్నాయన నలభై దాటినవాడు, నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పేరు సాలిం అన్నాడు. హోటల్ నడిపేవాడికి నిద్రెక్కడిదని జాలిపడ్డాను. ఒమానీల్లో చాలామందికి హిందీ వచ్చు. ఎవరు దాన్ని ఎక్కువ పాడుచేస్తామా అని పోటీపడినట్టు మాట్లాడుకున్నాం.

"ఎక్కడి నుంచి వచ్చారు?"

"మస్కట్ నుంచి. ప్రత్యేకం దీనికోసమే."

అతని కళ్లు చెమ్మగిల్లాయి. "మస్కట్ నుంచా! ఇంత దూరం!" అని నన్ను కావలించుకున్నాడు. వ్యాపారం అంత మందంగా ఉందా అనుకున్నాను.

కాఫీ, ఖర్జూరం వచ్చాయి. తరవాత రథచక్రమంత పళ్లెంలో అన్నం, దాని మీద నిండు వంజరం. ఐదుగురం చుట్టూ కూర్చున్నాం. ఆ చేప గురించి నేనేం చెప్పను! పైన కరకర, లోపల వెన్న, ఎండునిమ్మ పులుపు ఎక్కడ ఉండాలో అక్కడ. పక్కనున్న తెల్లగడ్డం ముసలాయన వైపు తిరిగాను.

"ఇక్కడ రోజూ ఇలాగే ఉంటుందా?"

ఆయన నన్ను కాసేపు చూశాడు. "మూడు రోజులు."

"వారానికి మూడు రోజులా?"

"మూడు రోజులే. తరవాత ఉండదు."

"మరి మళ్లీ ఎప్పుడు?"

ఆయన చూపుడు వేలు పైకెత్తాడు. "అది దేవుడి చేతిలో ఉంది."

వంట ఇంత బాగా వచ్చినవాళ్లకు నిర్వహణ ఇంత రాకపోవడమేమిటని మనసులో విచారించాను. ఇంతలో సాలిం వచ్చి, నా వైపు మరో చేప ముక్క తన చేత్తో పెట్టాడు. ఆ చెయ్యి పట్టుకుని, ఈనాటికీ నిద్రలో నన్ను లేపి కూర్చోబెట్టే ఆ వాక్యం అన్నాను:

"భాయ్, మీ దగ్గర ఇలాంటి రోజు మళ్లీ మళ్లీ రావాలి."

పళ్లెం చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. సాలిం ముఖంలో ఏదో కదిలింది, కానీ నా హిందీ మీద దయ తలచాడు కాబోలు, తల ఊపి వెళ్లిపోయాడు. అప్పుడే నా ఫోను మోగింది.

"ఏమండీ, తింటున్నారా?" వసుంధర గొంతు గుసగుసగా ఉంది.

"అద్భుతం! నీకు వంజరం వచ్చిందా?"

"ఇక్కడ అందరూ ఏడుస్తున్నారండీ."

"కారం ఎక్కువై ఉంటుంది. పెరుగు అడుగు."

"నన్ను కావలించుకుని ఏడుస్తున్నారు!"

"అంత కారమా?"

"అయ్యో, మీకెలా చెప్పను! ఇంటి పెద్దాయన పోయాడు. ఇది హోటల్ కాదు. చావిల్లు. మనం పరామర్శకు వచ్చామనుకుంటున్నారు."

నోట్లో ముద్ద ఉంది. మింగితే అపచారం, ఉమ్మితే అంతకంటే అపచారం. నా ఎదుట ఉన్న ప్రతి రీడింగూ తిరిగి సరిచూసుకున్నాను. రుమాళ్లు. షామియానా. పరామర్శల మూడు రోజులు. దేవుడి చేతిలో. అన్ని మీటర్లూ నిజమే చెప్పాయి. చదివినవాడే తప్పు.

ఎలాగో మింగి, అందరూ లేచేదాకా పళ్లెం ముందే కూర్చుని, చెయ్యి కడుక్కుని, గోడవారగా జారుకుంటుండగా సాలిం గుమ్మం దగ్గర పట్టుకున్నాడు.

"మా నాన్న మీకెలా తెలుసు? మస్కట్‌లో కలిసి పనిచేశారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అవునంటే గౌరవంగా బయటపడతాను. కానీ మూడు రోజులుగా నిద్రలేని ఆ కళ్లు తన తండ్రి గురించి ఒక కొత్త కథ కోసం నా వైపు ఆశగా చూస్తున్నాయి. ఆ కథ కల్పించడం నావల్ల కాలేదు.

"భాయ్, క్షమించు. మీ నాన్నగారు నాకు తెలియదు. నేను... హోటల్ అనుకున్నాను."

"ఏది?"

"ఇది. బళ్లు చూసి."

అతను గోడకు చెయ్యి ఆనించాడు. పడిపోతాడేమోనని పట్టుకోబోయాను. అతని భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను, నవ్వుతున్నాడు. లోపలికి తిరిగి పెద్దలతో అరబీలో నాలుగు ముక్కలు చెప్పాడు. ఆ తరవాత గోడవారగా తెల్లబట్టల వరస మొత్తం రుమాళ్లు ముఖానికి అడ్డుపెట్టుకుంది. నా పళ్లెం దగ్గర కూర్చున్న ముసలాయన అయితే నా వైపు వేలు చూపించి, ఆ వేలే పైకెత్తి చూపించి, మళ్లీ వంగిపోయాడు.

"మా నాన్న ఉండి ఉంటే," అన్నాడు సాలిం కళ్లు తుడుచుకుంటూ, "నీకు బిల్లు ఇచ్చేవాడు. నువ్వు కట్టేదాకా నవ్వేవాడు కాదు." రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆయన పోయాక ఈ ఇంట్లో నవ్వు ఇదే మొదటిసారి. నీ భార్య పక్కింటి పెరట్లో ఉంది, వెళ్లు."

చావింట్లో పొయ్యి వెలిగించరు, పొరుగువాళ్లు వండి పంపుతారు. అది మన దగ్గరా ఉన్నదే, అక్కడా ఉన్నదే. పక్కింటి పెరట్లో రేకుల పందిరి కింద, మనిషి దాక్కోగలిగేంత డేగిశాల మధ్య, చున్నీ నడుముకు బిగించి, తెడ్డంత గరిటెతో అన్నం కలుపుతూ కనిపించింది వసుంధర.

"వసూ! గరిటె!" అన్నాను.

పక్కన ఉల్లిపాయల గుట్ట ముందు కూర్చున్న మనిషి తలెత్తింది. ఆ పక్కింట్లో పనిచేసే కడప ఆవిడ, ఓబులమ్మ. "ఈ సారేనామ్మా, ఓటలనుకుని వచ్చింది?" అని నన్ను ఆపాదమస్తకం చూసింది. "చూస్తే సదువుకున్నోళ్ల మాదిరే ఉండాడే!"

"ఉద్యోగం కూడా ఉంది," అంది నా భార్య, నన్ను చూడకుండా.

"వెళ్దాం పద," అన్నాను నీరసంగా. "నీకు మాటిచ్చాను."

"పడవలో ఇంకో గుంపు వస్తోందట. ఈవిడ పొద్దున్నుంచి ఒక్కతే చేస్తోంది. మనం తిని, చెయ్యి కడుక్కుని పోతామా?"

"నువ్వు తిన్నావా?"

ఆవిడ గరిటె ఆపింది. "తిన్నాను. ఓబులమ్మ నన్నిక్కడికి తెచ్చి, పీట వేసి కూర్చోబెట్టింది. ముల్లు తీసి మరీ పెట్టింది. లేవబోతే కంచం లాక్కుంది. నేను కొనలేదు, కడగలేదు, వండలేదు." ఆ ముఖంలో చాలాకాలంగా నేను చూడని నెమ్మది కనిపించింది. "మీ మాట ఆవిడ నిలబెట్టింది. ఇప్పుడు నేను వండడం నా ఇష్టం."

"సారూ, నిలబడి చూస్తాండావే, ఆ కత్తి తీసుకో," అంది ఓబులమ్మ. "తిన్నావు గదా."

కూర్చున్నాను. ఉల్లిపాయలు ఘాటైనవి. కాసేపటికి కన్నీళ్లు ధారాపాతంగా కారుతున్నాయి. పరామర్శకు కొత్తగా వచ్చినవాళ్లు పెరటి గోడ మీదుగా చూసి, ఈ ఇండియావాడు పెద్దాయనకు ఎంత ఆప్తుడో అని తలలాడిస్తూ పోయారు. ఆ రోజు మసీరాలో అందరికంటే ఎక్కువ కన్నీరు కార్చింది నేనే.

ఆ కన్నీటి సాక్షిగా, కత్తి పైకెత్తి, నిండు గొంతుతో ప్రతిజ్ఞ చేశాను: "గోడ మీద ధరల పట్టిక, దాని కింద డబ్బు తీసుకునే మనిషి, ఆ మనిషి ముఖంలో నా మీద ఏ మాత్రం ప్రేమా లేకపోవడం, ఈ మూడూ నా కళ్లతో చూస్తే తప్ప, బతికి ఉండగా ఏ గుమ్మంలోనూ ఆకలితో అడుగు పెట్టను!"

వసుంధర అన్నంలోంచి తల తిప్పకుండా అంది:

"ప్రతిజ్ఞ తరవాత. ముందు ఇంకాస్త సన్నగా తరగండి."