సారు ఖాళీ వదిలిన చోటు

జూలై పధ్నాలుగు, మంగళవారం. పొద్దున తొమ్మిదింటికి కరీంనగర్ కోర్టు బయటి రేకుల పంచలోకి వెళ్లేసరికి సారు బల్ల మీద టైపు మిషను లేదు. రెండేళ్లలో ఆ బల్లను వట్టిగా చూడటం ఇదే మొదలు. పక్కన చాయ్ అమ్మే ఆయన గ్లాసులు కడుగుతూనే చెప్పాడు. "సారు పోయిండు బిడ్డా. నిన్న మంచిగనే పండుకున్నడట. తెల్లారి లేవలే."

మీలో చాలామందికి ఆయన తెలియదు. కలెక్టరాఫీసులో గుమాస్తాగా చేసి, రిటైరయ్యాక ఇక్కడ కూర్చుని జనానికి ఇంగ్లీషులో అర్జీలు రాసేవారు. మా బాపు సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తాడు. నేను ఇక్కడ గది తీసుకుని డిగ్రీ చదువుతున్నాను. టైపు నేర్చుకుందామని సారు దగ్గరికి వెళ్లి, ఇంగ్లీషు కోసం ఉండిపోయాను.

ఆయన పని తీరు వేరు. ఇన్, ఎట్, ఫర్ లాంటి చిన్న మాటలు రావలసిన చోట ముందు ఖాళీ వదిలేవారు. మిగతాదంతా టైపు కొట్టి, ఎదుటి మనిషిని మళ్లీ అడిగి, పెన్సిలుతో ఆ ఖాళీలు నింపేవారు. "పెద్ద మాట డిక్షనరీల దొరుకుతది. చిన్న మాటకు మనిషినే అడగాలె" అనేవారు. అంతా అయ్యాక కాగితాన్ని తెలుగులో చదివి వినిపించనిదే ఎవరి చేతా వేలిముద్ర వేయించేవారు కాదు.

కొత్తలో ఒకసారి పెద్దపల్లి వైపు రైతు అర్జీ నన్ను రాయమన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, అంతే సంగతి. గైడు పుస్తకంలో నేర్చిన బరువైన మాటలన్నీ పేర్చాను. సారు దాన్ని రైతుకు తెలుగులో చదివారు. "మీ పాదాల మీద పడి కన్నీటితో వేడుకుంటున్నాను."

రైతు నా వైపు చూశాడు. "నేనెప్పుడు ఏడ్చిన సారూ? ట్రాన్స్‌ఫార్మర్ కాలిందన్న, గంతే."

"గీ పిల్ల నిన్ను ఇంగ్లీషుల ఏడ్పించిందే" అని సారు నవ్వి, కాగితం నాకిచ్చేశారు. "ఆయన అడుక్కుంటలేడు బిడ్డా, అడుగుతుండు. గా తేడా కాయితంల కనపడాలె." నాలుగు వాక్యాల ఆ అర్జీని ఐదుసార్లు తిరగరాశాను.

మొన్న శనివారం వేములవాడ దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చింది. భర్త దుబాయి పోయి మూడేళ్లు. ఎనిమిది నెలలుగా ఉత్తరం లేదు. అతని జాడ కనుక్కోమని అక్కడి మన ఎంబసీకి రాయాలి.

"ఏడ పని చేస్తుండమ్మా?" అన్నారు సారు.

"దుబాయ్‌ల."

"దుబాయ్ ఏమన్న మీ వాడకట్టా? దుకాణంలనా, ఎవరింట్లనా?"

"కంపెనీ అన్నడు సారూ. గంతకంటె నాకు తెల్వదు."

సారు అక్కడ ఖాళీ వదిలి మిషను మీంచి చెయ్యి తీశారు. "కంపెనీల ఉన్నడా, కంపెనీ పంపితె ఎవరింట్లనన్న ఉన్నడా? తెల్వక రాస్తె ఆఫీసోళ్లు తప్పు గడప తడ్తరు. మంగళవారం రా. పాత కవర్లన్ని తే."

ఆమె ఇవాళ వచ్చింది. పంచలో ఒక మూల, కవర్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చాయ్ ఆయన మాట ఆమె కూడా విన్నది. "మరి నా కాయితం?" అని నన్ను అడిగింది.

ఇద్దరం సారు ఇంటికి నడిచాం. ఆమె సారు కాళ్లకు మొక్కి పక్కకు జరిగింది. మధ్యాహ్నం సారును దహనానికి మానేరు ఒడ్డుకు తీసుకుపోయారు. సారు కొడుకు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. "మిషన్‌కే ఉండె ఇది. ఎవలదో ఏమో." ఆమెదే.

సాయంత్రం నా గదిలో కవర్లన్నీ నేల మీద పరిచాం. అలసటకు నా కళ్లకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పదకొండు కవర్ల మీద ఒకే పోస్టుబాక్సు నంబరు ఉంది. ఆఖరి కవరు మీద వేరే నంబరు, వేరే చేతిరాత.

"గిది మా ఆయన రాత కాదు" అంది ఆమె. తర్వాత నెమ్మదిగా, "ఆడ ఆయనతోని ఉండే జగిత్యాల దోస్తుది. ఆయనకు చెయ్యి నొస్తే గాయినే రాస్తుండె. పోయిన నెల ఇంటికొచ్చిండని విన్న."

"మరి పోయి అడగలేదా అక్కా?"

"పోవాల్ననే అనుకున్న. ఏం చెప్తడో అని భయమైంది."

సారు ఉంటే కాగితం పక్కన పెట్టి ముందు చాయ్ చెప్పేవారు. నేను అన్నం వండాను. ఆమె రెండు ముద్దలు తిని, కవర్లను తేదీల వరుసలో సర్దుకుని, చాప మీద ఒత్తిగిలింది.

రేపు పొద్దున ఆరింటి బస్సుకు ఇద్దరం జగిత్యాల పోతున్నాం. ఆ దోస్తును అడగవలసినవి ఒక కాగితం మీద రాసుకున్నాను. ఎక్కడ పని, ఎవరి కింద, ఏ ఊళ్లో. రాసినవి చూసుకుని అన్నీ కొట్టేశాను. చివరిసారి అతణ్ని ఎప్పుడు చూశావని ముందు అడగాలి. ఆమెను బయట కూర్చోబెట్టి నేనొక్కదాన్నే అడగాలా, ఆమె ముందే అడగాలా, అది బస్సులో ఆమెనే అడుగుతాను.