నాయన అనలేకపోయిన మాట

పోయిన ఆదివారం మా బుక్కరాయసముద్రం చర్చిలో, కొత్తగా వచ్చిన పాస్టరు గారు ప్రసంగం ముగించి, అందరినీ కళ్ళు మూసుకుని తమ తమ ఇష్టాలను దేవుని చేతుల్లో పెట్టేయమన్నారు. ఆయనకు మా అమ్మాయి వయసుంటుందేమో, గొంతు బాగుంటుంది, ఆ గొంతుతో ఏమడిగినా కాదనబుద్ధి కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు చేతులెత్తి నీ చిత్తమే ప్రభువా అన్నారు, కొందరు ఏడ్చారు కూడా. నేను మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదవులు కదిపి ఊరుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ మాట దగ్గర నాకు ఇంతే. నా ఈడు వాళ్ళలో కొందరికైనా ఇలాంటి మాట ఒకటి, నోటిదాకా వచ్చి ఆగిపోయేది, ఉండే ఉంటుందని ఇంటికి నడిచివస్తూ అనుకున్నాను. అందుకే చెప్పుకోవాలనిపించింది.

ఆ మాట నాకు నేర్పింది మా నాయన. ఆయన చదువుకోలేదు. శెనక్కాయ తప్ప ఇంకేదీ వేయలేని ఎర్రనేల ఊరు మాది, ఆ శెనక్కాయ కూడా వాన దయతలిస్తేనే. రెండెకరాల చేను, మిగిలిన రోజుల్లో కూలిపని, మా వాడలో రేకులు కప్పిన చిన్న చర్చికి పెద్దరికం, ఇంతే ఆయన బతుకు. తెల్లవారగానే ఇంటి ముందు గోనెసంచి మడిచి వేసుకుని దాని మీద మోకరించేవాడు. మామూలప్పుడు యాడికి పోతాండావు, ఏం తింటివి అని మాట్లాడే మనిషి, ప్రార్థన మొదలుపెడితే పుస్తకాల భాషలోకి మారిపోయేవాడు. చర్చిలో విని విని పట్టుకున్న మాటలవి, వాటన్నిటికీ ఆయనకు అర్థం తెలుసో తెలియదో అని చిన్నప్పుడు నేనూ అమ్మా లోలోపల నవ్వుకునేవాళ్ళం. కానీ చివరికొచ్చేసరికి మళ్ళీ మా ఊరి మాటలోకే దిగేవాడు. వాన, పైరు, ఇంటింటి రోగులకు స్వస్థత అన్నీ అడిగి, అడిగినవన్నీ పక్కకు నెట్టేసి, "నాదేం లేదు నాయనా, నీ చిత్తమెట్లుంటే అట్లే కానీ" అని లేచేవాడు. కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు చేనంతా మాడిపోయిన ఏడు కూడా ఆ మాటలో తేడా రాలేదు.

నేను పెద్దదాన్నయ్యేసరికి నాయన నడుము బిగుసుకోవడం మొదలైంది. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిరగక మనిషంతా తిరగాల్సి వచ్చేది. మా ఊళ్ళో నలభై దాటినవాళ్ళు చాలామంది అట్లే ఉండేవాళ్ళు గనుక అది మాకు రోగంలా కనిపించలేదు, బరువులు మోసిన ఒళ్ళు అలాగే అవుతుందనుకునేవాళ్ళం. వరుస కరువులకు బావులు ఎండిపోయి, మా వాడంతా చర్చి పక్కనున్న ఒక్క బోరింగు మీదే బతికేది. మండుటెండల్లో కూడా ఆగని ఆ నీళ్ళకోసం నాయన దేవునికి ఎన్నిసార్లు స్తోత్రం చెప్పాడో లెక్కలేదు.

తొంభైల చివర్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. వజ్రకరూరు దగ్గర ఒక పల్లె, ఒకటే గది, నేనొక్కదాన్నే టీచరును. మా ఆయన సోమందేపల్లె దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఇంకో నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. మా పాపకు అప్పటికి రెండేళ్ళు. తీసుకుపోతే చూసుకునేవాళ్ళు లేరు, వదులుకుంటే ఉద్యోగం మళ్ళీ రాదు. పాపను అమ్మానాయనల దగ్గర వదలాలని నేను ముందే తేల్చేసుకున్నాను. నాయన మాత్రం వారం రోజులు ప్రార్థన చేసి, దేవుడేమంటాడో విని అప్పుడు పొమ్మన్నాడు. నేను ఒక్క పూట చేసి, దేవుడు ఒప్పుకున్నాడని చెప్పి బట్టలు సర్దుకుంటుంటే, నాయన గడప దగ్గర నిలబడి చూశాడు.

"నువ్వు దేవున్ని అడగలేదు మ్మా, దేవునికి చెప్పినావు" అన్నాడు.

కోపంతో అనలేదు. అని, నా సంచీ తానే బస్సు దాకా మోసుకొచ్చాడు, ఆ నడుముతో.

నేను పనిచేసిన పల్లెలో తొలకరి చినుకు పడితే బడి ఖాళీ. పిల్లలు, తల్లులు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు వానకు మట్టిలోంచి పైకి తేలే వజ్రాల కోసం చేలల్లో తలలు వంచుకుని పొద్దంతా తిరిగేవాళ్ళు. నేనున్నన్నాళ్ళూ మా పిల్లల్లో ఎవరికీ ఏమీ దొరకలేదు గానీ, ఆ ఖాళీ రోజుల్లో నేను మాత్రం బస్సెక్కి పాప దగ్గరికి పరిగెత్తేదాన్ని. మామూలుగా రెండు వారాలకొకసారి పోయేదాన్ని. పాప మొదట్లో నన్ను చూసి ఏడ్చేది, తర్వాత్తర్వాత సిగ్గుపడేది, ఆ తర్వాత తాత వెనక్కి పోయి నిలబడేది. నాయన మోకాళ్ళు అప్పటికే వంగేవి కావు, గోడకానుకుని నిలబడి ప్రార్థన చేసేవాడు. పాప ఆ గోనెసంచి మీద మోకరించేది. మోకాళ్ళ పని దానికి ఒప్పజెప్పినానని నాయన నవ్వేవాడు. ప్రార్థన కాగానే అమ్మ బోరింగు కొట్టేది, నాయన చెంబు పట్టి పాపకు తాపేవాడు.

పాపకు ఏడేళ్ళు నిండిన ఏడు ఒకసారి నేను బస్సు దిగగానే ఎదురు పరిగెత్తుకొచ్చింది. ఎన్నడూ అట్లా రాని పిల్ల వస్తోందని సంతోషపడబోయి ఆగిపోయాను. రెండు మోకాళ్ళూ ఒకదానికొకటి తగులుకుంటున్నాయి, పాదాలు ఎడంగా పడుతున్నాయి. రోజూ చూసేవాళ్ళకు కనిపించకపోవచ్చు, రెండు వారాలకొకసారి చూసే నాకైనా అంతకుముందే కనిపించి ఉండాల్సింది.

అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరు గారు కాళ్ళు చూడకముందే పాపను నోరు తెరవమన్నారు. పళ్ళ మీద గోధుమరంగు చారలు చూసి, "ఏ ఊరమ్మా మీది? ఎన్నేండ్ల నుంచి తాగుతాండాది ఆడి నీళ్ళు?" అనడిగారు. ఐదేళ్ళన్నాను. నీళ్ళలో ఫ్లోరైడు ఉందనీ, అది ఎముకల్లో చేరిందనీ, వంగిన ఎముకకు మందు లేదనీ, ఇంకొంచెం ఎదిగాక ఆపరేషన్ చేస్తే కొంత సరికావచ్చేమో గానీ తాను మాట ఇవ్వలేననీ చెప్పారు. చెప్పి, ఇంట్లో పెద్దవాళ్ళ నడుములెట్లా ఉన్నాయని అడిగారు. నాకు అప్పుడు నాయన తిరిగే తీరు, మా వాడలో పెద్దవాళ్ళందరూ తిరిగే తీరు కళ్ళముందు కనిపించింది.

నాయనకు చెప్పకుండా ఉండలేను, ఆ నీళ్ళు ఆపాలి కదా. ఊరికి తిరిగిపోయి, అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. అమ్మ గట్టిగా ఏడ్చింది. నాయన తన కుడిచేతిని చూసుకుంటూ, "నా చేత్తోనే తాపితినే" అన్నాడు.

మరునాడు పొద్దున ఎప్పటిలాగే గోడకానుకుని నిలబడ్డాడు. పాప కింద మోకరించి కళ్ళు మూసుకుంది. నాయన వాన అడగలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. మెల్లగా మనిషంతా నా వైపు తిరిగాడు.

"నాకు నోరు రావడంలే మ్మా. ఆ మాట నువ్వను."

నాకూ రావడం లేదు. కానీ పుట్టి బుద్ధెరిగాక నాయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నీ చిత్తమే అన్నాను. నమ్మి అనలేదు, నాయన అడిగాడని అన్నాను. పాప గట్టిగా ఆమేన్ అంది. నాయన అనలేదు.

తర్వాత నేను కాళ్ళావేళ్ళా పడి బదిలీ చేయించుకుని, బుక్కరాయసముద్రంలో ఇల్లు తీసుకుని ముగ్గురినీ తెచ్చుకున్నాను. నాయన ఇక్కడ రెండేళ్ళు బతికాడు. ప్రార్థన మానలేదు, కానీ అది మునుపటి ప్రార్థన కాదు. పుస్తకాల భాష మొత్తం పోయింది. దేవుని కొంగు పట్టుకుని లాగినట్టుండేది. "నా కాళ్ళు ఎట్లా పనికిరావు, ఈ రెండూ తీసేసుకో, దాని కాళ్ళు దానికియ్యి. అంత పంతమేమప్పా నీకు?" అని మంచం మీద నుంచి అడుగుతుంటే, ఇవతల అన్నం వండుతూ నేను వినేదాన్ని. వదులుకోవడం ఎన్నడూ నేర్చుకోని నేను, వదులుకోవడం నాకు నేర్పబోయిన ఆయన, ఇద్దరం ఒక చోటికే వచ్చి చేరాం. ఆఖరి రోజుల్లోనైనా ఆ పాత మాట అంటాడని కాచుకున్నాను. అంటే నాకు కొంచెం ధైర్యం వచ్చేదేమో. ఆయన చివరగా అడిగింది పాప బడినుంచి వచ్చిందా అని మాత్రమే. అప్పటికి అది ఇంకా దారిలోనే ఉంది, దానికి నడక ఆలస్యం.

పాపకు పదిహేనేళ్ళప్పుడు బెంగళూరులో ఆపరేషన్ చేయించాం. ఒక కాలు కొంత దారికొచ్చింది, రెండోది రాలేదు. ఇప్పుడు ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని పని చేస్తుంది, మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకుంటుంది. పొద్దున్నే కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకుంటుంది, తాత మాటతోనే ముగిస్తుంది. దాని నోట ఆ మాట ఎంత సులువుగా వస్తుందో వింటుంటే నాకు లేచి పోవాలనిపిస్తుంది. ఒకసారి, "అమ్మా, తాత రోజూ అంటాండె కదా, నువ్వెందుకు అనవు?" అని అడిగింది. తాత ఆ మాట ఎప్పుడు మానేశాడో, ఎందుకు మానేశాడో దానికి గుర్తులేదు. నేను చెప్పలేదు, ఇకమీదట చెప్పను కూడా.

మా ఊరికి ఇప్పుడు ఎక్కడినుంచో పైపుల్లో మంచినీళ్ళు వస్తున్నాయట, చిన్నపిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయట. మెడ తిరగని పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, ఇంకొన్నేళ్ళకు అట్లాంటివాళ్ళు ఉండేవాళ్ళంటే ఎవరూ నమ్మరు. మంచిదే. నాకే, ఒకప్పుడు అన్నీ నేననుకున్నట్టే కావాలని పంతం పట్టిన నాకే, ఇప్పుడు దేవుని ముందు కూర్చుంటే అడగడానికి ఏమీ తోచడం లేదు. ఇది నన్ను నేను ఆయనకు ఒప్పజెప్పుకోవడమో, ఒట్టి అలసటో తెలియదు. ఆ రెండింటికీ తేడా తెలిసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను, నాయన కూడా అది నాకు చెప్పకుండానే పోయాడు.