ఎముక తేడా

మా నాయనకు ఒక పక్కటెముక ఎక్కువ. కుడివైపు, మెడ మొదట్లో, కాలర్ బోనుకు కాస్త పైన. అది ఆయనతో పాటే పుట్టింది, ఏళ్ల తరబడి ఎవరి జోలికీ పోకుండా ఆయన ఒంట్లోనే పడి ఉంది. దాన్ని నలుగురి ముందు పెట్టి పాఠం చెప్పింది నేనే. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మాది పెద్దకడుబూరు పక్క పల్లె. నేను పుట్టకముందే నాయన ఆదోనికి వచ్చి ఒక జిన్నింగు మిల్లులో హమాలీగా చేరాడు. ముప్పై ఐదేళ్లు పత్తిగింజల గోనె బోరాలు మోశాడు, ఎప్పుడూ కుడి భుజం మీదే. మిల్లు హమాలీలంతా ఒక ముఠా, ముఠాకు ఒక మేస్త్రీ. వచ్చిన కూలి అందరూ సమానంగా పంచుకుంటారు. అందుకే ఎవడైనా ఒక్కరోజు వెనకబడితే మిగతావాళ్ల కళ్లన్నీ వాడి మీదే ఉంటాయి. ఆ భుజం మీదే నేను జువాలజీ చదివాను. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్నయ్యాను. రోజూ పొద్దున ఆదోనిలో బస్సెక్కుతాను, సాయంత్రం దిగుతాను.

కొన్నేళ్ల కిందట నాయన కుడిచెయ్యి మొరాయించడం మొదలుపెట్టింది. ముందు చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కేవి. తర్వాత టీ గ్లాసు జారిపోయేది. ఒకరోజు మిల్లులో బోరెం జారి మేస్త్రీ కాళ్ల ముందు పడింది. ఆ మేస్త్రీ నాయన కంటే చిన్నవాడు. బోరెం ఎత్తుకోవడం అతనికి నేర్పిందే నాయన.

"యేం పెద్దప్పా, యాసాలు యేస్తాండావా? నిన్న బాగానే మోస్తివి గదా" అన్నాడట. ముఠా అంతా పకపకా నవ్వింది.

ఆ రోజు నాయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేదు. "సెయ్యి నాది, నొప్పి నాది. దీనికి సాచ్చెం యాడ్నుంచి తెచ్చేది పాపా? నేను దొంగేసాలు యేసేవాణ్నా?" అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పద నాయనా, ఎక్స్‌రే ఫోటో తీయిద్దాం అన్నాను.

ఆ మిల్లులో ఒక అలవాటుంది. బరువు మోసి దెబ్బతిన్నవాళ్లను గేటు దగ్గర కాటా ముందు కుర్చీ వేసి, తూకం చూసే పనికి కూర్చోబెడతారు. ఏ కాగితంలోనూ లేదు, పాత యజమాని నాటి నుంచి నడుస్తున్న మాట. నాయనకు ఆ కుర్చీ కావాలి. నిజం చెప్పాలంటే కుర్చీ ఒక వంకే. బోరాలు మోసే ఈ చెయ్యి పోయిందని మిల్లు ఒప్పుకోవాలి, ముఠా వినాలి. అంతకు మించి ఆయన ఏమీ అడగలేదు.

ఎముకల డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించాడు. మెడలోని ఆఖరి పూస నుంచి చిటికెన వేలంత పక్కటెముక ఒకటి బయటికి వచ్చి ఉంది. "ఇది కొందరికి పుట్టుకతోనే ఉంటుందమ్మా. చాలామందికి ఉన్నట్టు కూడా తెలీదు, చచ్చేదాకా ఏమీ కాదు. మీ నాన్న ఇన్నేళ్లు భుజం మీద బరువు మోశాడు. భుజం కిందికి జారి, చేతికి పోయే నరం ఆ ఎముక మీద నలిగింది" అన్నాడు. బొటనవేలి కింద కండ అప్పటికే కరిగిపోయింది. ఆపరేషన్ చేసినా పోయిన కండ తిరిగి రాదన్నాడు.

నాయన విన్నది ఒక్కటే. "అంటే నొప్పి నిజమే గదా సార్?"

"నిజమే పెద్దాయనా."

నాయన నా వైపు తిరిగి "సూస్తివా!" అన్నాడు. చెయ్యి ఇక బాగుపడదని తెలిసిన రోజున అంత సంతోషపడిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఇక నా తెలివి చూడండి. మర్నాడు ఆ ఫిల్మును బ్యాగులో పెట్టుకుని కాలేజీకి పోయాను. అప్పుడు ఇంటర్ పిల్లలకు మానవ పరిణామం చెబుతున్నాను. పుస్తకంలో చప్పగా ఉండే పాఠానికి నిజమైన ఎముక దొరికిందని బస్సులో నాలో నేనే మురిసిపోయాను. ఫిల్మును కిటికీకి ఆనించి పట్టుకున్నాను. ఎలుకకైనా జిరాఫీకైనా మెడలో ఏడే పూసలని చెప్పాను. లక్షల ఏళ్ల నాటి మన పూర్వీకుల శిలాజాల్లో ఛాతీ గూడు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండేదనీ, వాళ్ల భుజాలు చెవుల వైపు ఎత్తుగా ఉండేవనీ, చెట్లెక్కే బతుకు నుంచి నడిచే బతుకుకు వచ్చేసరికి గూడు మారిందనీ, భుజాలు దిగాయనీ చెప్పాను. అందరం ఒకే అచ్చులో పోసినవాళ్లం కాదు, ఇప్పటికీ కొందరికి నడుములో ఒక పూస ఎక్కువ, కొందరికి ఒక పక్కటెముక ఎక్కువ అన్నాను. పుస్తకంలో దీన్ని వైవిధ్యం అన్నారు. పల్లె పిల్లలకు అంత మాట ఎందుకులే అని నేను "తేడా" అన్నాను.

"తేడా మనిషి మేడం!" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తేడా అంటే తప్పు కాదురా, తేడాలు లేకుంటే మనమే లేము అని కూడా అన్నాను.

ముందు బెంచీలో ఒక కోసిగి పిల్ల లేచింది. "మేడం, ఇది ఎవురిది?"

"ఎవరో పేషెంటుదిలే, కూర్చో" అన్నాను.

ఆ పిల్ల అమ్మానాన్నలు ఏటా ఊరు విడిచి కూలికి పోయేవాళ్లే. ఆ పిల్ల ముందు మా నాయనదని చెప్పడానికి నాకేం రోగం? నోట్లో ముల్లు గుచ్చుకుందా?

తర్వాతి ఆదివారం మిల్లుకు పోయాం. మేనేజరు యజమానికి అల్లుడు, చదువుకున్నవాడు. మేస్త్రీ, ముఠాలోని నలుగురు తలుపు దగ్గర నిలబడ్డారు. మేనేజరు నాకు కుర్చీ చూపించాడు. మా ఇంటివాళ్లకు ఆ మిల్లులో ఎవరైనా కుర్చీ వేయడం అదే మొదలు. నేను కూర్చున్నాను. నాయన నిలబడే ఉన్నాడు.

"నువ్వు టీచరంట గదమ్మా. ఈ ఫోటోలో ఏముందో మాకర్థమయ్యేట్టు చెప్పు" అన్నాడు.

బరువు మోసి నరం నలిగింది సార్ అని ఒక్క ముక్క చెప్పి లేచి ఉంటే సరిపోయేది. నా పాడు నోరు ఊరుకోలేదు. కుర్చీ ఎక్కేసరికి అది క్లాసుగది అనుకున్నాను. మెడపూసల దగ్గర మొదలుపెట్టి శిలాజాల దాకా పోయాను. మేస్త్రీ కూడా నోరు తెరుచుకుని వింటుంటే ఇంకా ఊపొచ్చింది. "ఇది రోగం కాదు సార్, పుట్టుకతోనే ఉండే తేడా" అన్నాను.

మేనేజరు తల ఎత్తాడు. "పుట్టుకతోనా?"

"అవును సార్, కానీ..."

"అంటే మన మిల్లులో అయింది కాదన్నమాట."

"ఎముక మిల్లులో రాలేదు సార్. నరం నలిగింది మాత్రం మిల్లులోనే. బోరెం మోయకపోయుంటే ఆ ఎముక చచ్చేదాకా ఊరకే పడి ఉండేది!"

"అందరూ మోస్తున్నారు గదమ్మా. వాళ్లకు కాలేదే. పుట్టుకతోనే తేడా అని నువ్వే అంటివి." ఆయన గొంతు పెంచలేదు, చిరునవ్వు కూడా పోలేదు. కాగితం మీద ఒక వాక్యం రాసి నా వైపు తిప్పాడు. పుట్టుకతో వచ్చిన లోపం, మిల్లు పనికి సంబంధం లేదు.

"నేను తేడా అన్నాను సార్. లోపం అనలేదు."

"రెండూ ఒకటేలేమ్మా" అన్నాడు. "పాఠం మాత్రం బాగా చెప్తావు."

నేను అరిచాను. డాక్టరు మాట చెప్పాను, మళ్లీ చెప్పాను. ఆయన ఎదురుగా ఉన్న ఫోను తీసుకుని ఎవరితోనో దూది ధర మాట్లాడడం మొదలుపెట్టాడు.

బయటికి వచ్చాక మేస్త్రీ నాయన పక్కన నడిచాడు. ఈసారి నవ్వలేదు. నవ్వి ఉన్నా బాగుండేది. "పుట్టుకతోనే సెయ్యి సరిగ్గా లేనోడివి, ఇన్నేండ్లు మాతో సమానంగా వాటా తీసుకుంటివే పెద్దప్పా. ముందే సెప్పాల గదా" అన్నాడు. దొంగ నొప్పి అన్నవాళ్లు ఇప్పుడు దొంగ బతుకే అంటున్నారు. నేను మీదికి పోబోతే నాయన ఎడమచేత్తో నా మోచెయ్యి పట్టుకున్నాడు.

దారిలో ఆయన ఒకటే అడిగాడు. "ఒక మాట సెప్పు పాపా. వాళ్లకంటే నేను తక్కువ మోసింటానా?"

"లేదు నాయనా. ఆ ఎముకతో మోశావంటే అందరికంటే ఎక్కువ కష్టపడి మోశావు."

ఆయన తల ఊపాడు. నమ్మలేదని నాకు తెలిసిపోయింది. కుర్చీలో కూర్చుని చెప్పింది శాస్త్రం, రోడ్డు మీద చెప్పింది ఓదార్పు అనుకున్నాడు.

నెల తర్వాత ఒక పొద్దున బస్సుకోసం నడుస్తుంటే టీ బంకు దగ్గర నాయన కనిపించాడు. మేస్త్రీ, ముఠాలో ఇద్దరు టీ తాగుతున్నారు. నాయన వాళ్ల ముందు నిలబడి చేతులు జోడించాడు. కుడిచేతి వేళ్లు చాపినా తిన్నగా రావు, అందుకని ఎడమచేత్తో వాటిని పట్టుకుని జోడించాడు. నన్ను చూడలేదు.

"తప్పయిపాయెనప్పా" అంటున్నాడు. "పుట్టుకతోనే ఉండిందంట, నాకూ తెల్దు. తెలిసింటే మీ ముఠాలోకి వచ్చేవాణ్నే కాదు. మా పాప సెప్పింది. సదువుకునింది గదా, అబద్దం సెప్పదు."